ఎంవీపీ బేస్‌బాల్ 2005 సమీక్ష రాసిన యువమిత్రునికి

చిరంజీవికి ఆశీస్సులు.

‘ఎంవీపీ బేస్‌బాల్ 2005’ అనే వీడియో గేమ్ మీద నువ్వు పంపిన సమీక్షను రెండుసార్లు చదివాను. మెచ్చినవి ఒకవైపు, నచ్చనివి మరోవైపు పేర్చి, చివర పదికి ఎనిమిదిన్నర మార్కులు వేశావు. అందులో అబద్ధమేమీ లేదు గాని, ఆడుతున్నప్పుడు నీ బొటనవేలు ఏం చేసిందో ఒక్క వాక్యంలోనూ కనిపించలేదు.

బంతి విసిరే పద్ధతినే చూడు. బటన్ నొక్కి పట్టుకుంటే మీటర్ నిండుతుంది, వదిలితే వెనక్కి తిరుగుతుంది, ఆకుపచ్చ గుర్తు దగ్గరకు వచ్చిన క్షణాన మళ్లీ నొక్కాలి. ఆ క్షణం బాగా తప్పితే బంతి వడ్డించిన విస్తరిలా బ్యాటర్ ముందుకు వెళ్తుంది. దీనికి నువ్వు ‘కంట్రోల్స్ అద్భుతం’ అని రెండు మాటలు కేటాయించావు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒకే పరుగు ఆధిక్యంతో, అలసిపోయిన పిచ్చర్‌తో (బంతి విసిరేవాడితో), ఆ రెండోసారి నొక్కడానికి వేలు ఎలా తడబడుతుందో రాసి ఉంటే ‘అద్భుతం’ అవసరమే పడేది కాదు.

‘హిట్టర్స్ ఐ’ని నువ్వు గుణాల వరుసలో వేశావు. నా లెక్కలో దాన్ని ఏ వరుసలోనూ వేయలేం. 60 అడుగుల 6 అంగుళాల దూరం నుంచి గంటకు 95 మైళ్ల వేగంతో బంతి వస్తే, నిజమైన బ్యాటర్‌కు దొరికేది సుమారు 0.4 సెకను. అంతలోనే అతడు పిచ్చర్ చేతినీ బంతి కుట్ల తిరుగుడునూ చదవాలి. అప్పటి టీవీ తెర మీద అవేవీ సరిగా కనిపించవు కనుక, బంతి చేయి వదిలేటప్పుడు దాని రకాన్ని బట్టి ఒక రంగు మెరిసేలా చేశారు. లోటును పూడ్చిన తీరు తెలివైనదే. కాని కొన్నాళ్లు ఆడాక కన్ను బంతిని వదిలి రంగునే వెతుకుతుంది. గూగ్లీని మణికట్టు చూసి పసిగట్టాల్సిన చోట ఎవరో చెవిలో ఊదినట్టు ఉంటుంది. ఈ మేలూ కీడూ ఒకే మూలంలోంచి పుట్టాయి కాబట్టి వాటిని ఒకే పేరాలో రాయి.

క్రికెట్ పోలిక వాడానని నువ్వూ అడుగడుగునా వాడకు. మన పాఠకుడికి ‘పిచ్’ అంటే నేల. బేస్‌బాల్‌లో అది విసిరిన బంతి. ఆ ఒక్క తేడా మొదట్లోనే చెప్పకపోతే నీ వ్యాసం సగం వరకు అతడికి తికమకే.

యజమానిగా స్టేడియం కట్టించి టికెట్ ధరలు నిర్ణయించే ఓనర్ మోడ్‌కు నువ్వు ఒక పేజీ ఇచ్చావు. అది చిట్టా ఆవర్జాల పని. రెండు వాక్యాలు చాలు. మిగిలిన చోటు జాన్ డౌడ్‌కు ఇవ్వు. 2001లో 73 హోమ్‌రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టిన బ్యారీ బాండ్స్ ఆటగాళ్ల సంఘం లైసెన్సు ఒప్పందం నుంచి వైదొలగడంతో అతడి పేరు, రూపం వాడే వీల్లేకపోయింది. అందుకని శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టులో, అతడి స్థానంలో, లోకంలో లేని ఈ డౌడ్ నిలబడ్డాడు. నువ్వు దీన్ని ‘ఒక పేరు తప్పు’ అని దోషాల్లో రాశావు. తయారుచేసినవారి అజాగ్రత్తకూ కాగితాల కట్టుబాటుకూ తేడా తెలియకుండా తీర్పు చెప్పకూడదు. (తొలిరోజుల్లో నేనూ ఇలాంటి తీర్పులు చాలా చెప్పాను, ఒక్కదాన్నీ వెనక్కి తీసుకోలేదు.)

అలాంటి కాగితాలే ఈ ఆటల వరుసను ఆపేశాయి. ఆట 2005 ఫిబ్రవరిలో వచ్చింది. అంతకు ముందు నెలలోనే పోటీ సంస్థ టేక్‌టూ, అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ అయిన మేజర్ లీగ్‌తో, ఇతర గేమ్ సంస్థలకు వీలు లేకుండా చేసే ఒప్పందం ప్రకటించింది. కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే యంత్రం) తయారీదారులకు మినహాయింపు ఉండటం వల్ల సోనీ తన బేస్‌బాల్ ఆటలను (తర్వాత ‘ది షో’ అన్న పేరుతో) కొనసాగించగలిగింది, ఈ ఆటను తయారుచేసిన ఈఏ మాత్రం మరుసటి ఏడాది కళాశాల జట్లతో సరిపెట్టుకుంది. కంప్యూటర్ మీద ఆడే అభిమానులు చాలా ఏళ్లపాటు కొత్త జట్ల జాబితాలను తామే తయారు చేసి ఈ పాత ఆటలోకి ఎక్కించుకున్నారు. ఎందుకు ఎక్కించుకున్నారన్న ప్రశ్నతో నీ సమీక్షను మొదలుపెట్టి, మీటర్ దగ్గరకు రా. మార్కులు తీసేసి మళ్లీ పంపు.