పాఠకుల ప్రశ్నలు: ఒప్పందమూ వద్దు, ఒప్పందం లేకుండానూ వద్దు

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి విడిపోయిన తీరు (బ్రెగ్జిట్) మీద శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: గ్రూప్-1కు చదువుతున్నాను. 'ఒప్పందం లేకుండా బయటికి పోం' అని బ్రిటన్ పార్లమెంటు 2019 మార్చి 13న తీర్మానించింది కదా! ఆ తర్వాత కూడా నో డీల్ ప్రమాదం ఉందని పేపర్లు ఎందుకు రాశాయి? పార్లమెంటు వద్దంటే ఆగిపోదా?
— ఒక అభ్యర్థి, శ్రీకాకుళం

జవాబు: ఆగదు. లిస్బన్ ఒడంబడిక 50వ అధికరణం కింద బ్రిటన్ 2017 మార్చి 29న నోటీసు ఇచ్చింది. గడువు రెండేళ్లు. ఈలోగా విడిపోయే షరతుల మీద ఒప్పందం కుదిరి ఆమోదం పొందితే దాని ప్రకారం వెళ్ళాలి. లేదంటే గడువు తీరిన క్షణాన యూనియన్ ఒడంబడికలు బ్రిటన్‌కు వర్తించడం దానంతటదే ఆగిపోతుంది. అంటే నో డీల్‌ను ఎవరూ ఓటేసి తేనక్కర్లేదు, చేతులు ముడుచుకు కూర్చుంటే అదే వచ్చి పడుతుంది.

తప్పించుకోవడానికి మూడే దారులు. ఒప్పందాన్ని ఆమోదించాలి, లేదా మిగిలిన 27 దేశాలనూ ఏకగ్రీవంగా ఒప్పించి గడువు పెంచుకోవాలి, లేదా నోటీసునే వెనక్కి తీసుకోవాలి. ఈ మూడోది బ్రిటన్ ఎవరినీ అడక్కుండా చేసుకోవచ్చని యూరోపియన్ న్యాయస్థానం 2018 డిసెంబరు 10న చెప్పింది. మార్చి 13 తీర్మానం 321–278తో నెగ్గింది గాని, ఈ మూడింటిలో ఒక్క పనీ చేయలేదు. అభిప్రాయం చెప్పింది, అంతే.

అందుకే ఎంపీలు తర్వాత చట్టాల దారి పట్టారు. గడువు పెంపు కోరేలా ప్రధానిని కట్టడి చేసే బిల్లు ఏప్రిల్ 3న పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో 313–312తో, ఒకే ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. సెప్టెంబరులో వచ్చిన రెండో చట్టం ఇంకా గట్టిది. అక్టోబరు 19లోగా ఒప్పందానికి గాని నో డీల్‌కు గాని సభ ఆమోదం దొరక్కపోతే ప్రధాని ఏమని ఉత్తరం రాయాలో ఆ పాఠాన్నే చట్టంలో అచ్చు వేశారు. అప్పటికి ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ ఆ ఉత్తరాన్ని సంతకం పెట్టకుండా పంపారు. అయినా చెల్లింది. అలా గడువు మార్చి 29 నుంచి ఏప్రిల్ 12కు, అక్కడి నుంచి అక్టోబరు 31కి, చివరికి 2020 జనవరి 31కి జరిగింది. జవాబుపత్రంలో 'పార్లమెంటు నో డీల్‌ను రద్దు చేసింది' అని మాత్రం రాయకండి.

ప్రశ్న: 2014 జనవరిలో మన అసెంబ్లీ విభజన బిల్లును తిరస్కరించినా విభజన ఆగలేదు. అక్కడ ప్రభుత్వమే తెచ్చిన ఒప్పందాన్ని మూడుసార్లు ఎలా ఓడించగలిగారు? ఓడించినవాళ్ళంతా ఒక జట్టేనా?
— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, విజయనగరం

జవాబు: మన రాజ్యాంగం 3వ అధికరణం కింద శాసనసభ అభిప్రాయం అడగాలి గాని దానికి కట్టుబడనక్కర్లేదు. నిర్ణయం ఢిల్లీలోని పార్లమెంటుది. లండన్‌లో పార్లమెంటుదే ఆఖరి మాట. పైగా కామన్స్ ఆమోదం లేకుండా ప్రభుత్వం ఒప్పందాన్ని ఖరారు చేయరాదని 2018 నాటి ఉపసంహరణ చట్టం 13వ సెక్షన్‌లో రాసిపెట్టుకున్నారు.

ఇక జట్టు సంగతి. ఒక జట్టు కాకపోవడమే అసలు చిక్కు. జాన్సన్‌కు ముందు ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందం 2019 జనవరి 15న 432–202తో ఓడింది. సొంత కన్జర్వేటివ్ ఎంపీలే 118 మంది ఎదురు తిరిగారు. మార్చి 12న 391–242, మార్చి 29న 344–286. 2017 ఎన్నికల్లో మెజారిటీ పోగొట్టుకుని, ఉత్తర ఐర్లండ్ పార్టీ డీయూపీకి చెందిన పదిమంది మద్దతుతో నిలబడిన ప్రభుత్వమది. ఆ పార్టీ మూడుసార్లూ వ్యతిరేకంగానే ఓటేసింది.

ఒప్పందం ఓడితే గడువు దానంతటదే తీరి తెగతెంపులైపోతాయని గట్టి బ్రెగ్జిట్ వాదుల లెక్క. అదే ఓడితే 2016 నాటి ప్రజాభిప్రాయ సేకరణను తిరగదోడే రెండో రెఫరెండం వస్తుందని యూనియన్‌లోనే ఉండాలనేవారి లెక్క. రెండూ నిజం కాలేవు. కానీ రెండింటికీ ముందు ఒప్పందం ఓడాలి. అందుకని బద్ధవిరోధులు 'కాదు' అనేవారి లాబీ (ఓటేసే గది) ఒక్కదానిలోకే నడిచి ఓటేశారు. గడువు ముంచుకొస్తే వీళ్ళలో ఎవరో ఒకరు దిగొస్తారని థెరిసా మే ఆశ. ఎవరికి వారు అవతలివాడే ముందు జంకుతాడనుకున్నారు.

మార్చి 27న ఎంపీలే ఎనిమిది ప్రత్యామ్నాయాలు పెట్టుకుని ఓటేస్తే ఒక్కటీ గట్టెక్కలేదు. ఏప్రిల్ 1న నాలుగింటి మీద మళ్ళీ ఓటింగ్. యూనియన్‌తో ఉమ్మడి సుంకాల ఏర్పాటు 273–276తో, మూడు ఓట్లలో పోయింది. ఒక్కోదానికీ విడివిడిగా అవును, కాదు అనడానికి బదులు ప్రాధాన్య క్రమంలో ఓటు అడిగి ఉంటే ఏదో ఒకటి తేలేదని మా అభిప్రాయం. విడిగా అడిగితే రెండో ఇష్టాన్ని కూడా 'కాదు' అనడానికి అందరికీ వీలు దొరికింది.

ఒకసారి తిరస్కరించిన ప్రశ్నను అవే సమావేశాల్లో మార్పు లేకుండా మళ్ళీ తేకూడదన్న 1604 నాటి సంప్రదాయాన్ని స్పీకర్ జాన్ బెర్కో మార్చి 18న బయటికి తీసి, అదే ఒప్పందాన్ని యథాతథంగా మళ్ళీ తేవడానికి అడ్డుపడ్డారు. పోనీ ఎన్నికలకు పోదామంటే పార్లమెంటు కాలపరిమితిని స్థిరపరిచిన అప్పటి 2011 చట్టం ప్రకారం మూడింట రెండొంతులు, అంటే 434 ఓట్లు కావాల్సివచ్చింది. చివరికి సాధారణ మెజారిటీతో నెగ్గే ప్రత్యేక చట్టం చేసుకుని 2019 డిసెంబరు 12న ఎన్నికలు పెట్టారు. జాన్సన్‌కు 365 సీట్లు వచ్చాక గాని ముడి వీడలేదు.

ప్రశ్న: ఐర్లండ్ సరిహద్దు మీద అంత పేచీ ఎందుకు?
— ఒక పాఠకుడు, ఇచ్ఛాపురం

జవాబు: జీఎస్టీకి ముందు మీ పక్కనున్న పురుషోత్తపురం చెక్‌పోస్టు దగ్గర లారీల బారు చూసే ఉంటారు. అటొక పన్ను, ఇటొక పన్ను కాబట్టి సరుకు బిల్లులు చూడక తప్పేది కాదు. 2017 జూలై 1న పన్ను ఒకటయ్యాక వాణిజ్యపన్నుల తనిఖీకి పని లేకపోయింది. ఐర్లండ్‌లో దీనికి తలకిందులు. ఆ దీవిలో ఉత్తర భాగం బ్రిటన్‌ది, మిగతాది యూనియన్‌లో ఉన్న ఐర్లండ్ దేశం. ఒకే నియమాలున్న చోట రెండు రకాలు రాబోతున్నాయి. సుంకాలూ ప్రమాణాలూ వేరైతే ఎక్కడో ఒకచోట తనిఖీ ఉండాలి. ఆ 500 కిలోమీటర్ల సరిహద్దు మీద పెడితే 1998 శాంతి ఒప్పందంతో కుదిరిన వాతావరణం చెడుతుంది. ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్యనున్న సముద్రం మీద పెడితే ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ నుంచి వేరుపడినట్టవుతుంది. అసలు తనిఖీయే వద్దనుకుంటే బ్రిటన్ మొత్తం పాత నియమాల్లోనే ఉండిపోవాలి. థెరిసా మే ఈ మూడోదానికి దగ్గరగా వెళ్ళి ఓడారు. జాన్సన్ రెండోది ఎంచుకున్నారు.

ప్రశ్న: మాది జీడిపప్పు వ్యాపారం. నెదర్లాండ్స్ రేవు రోటర్‌డామ్‌లో దిగిన సరుకులో కొంత లండన్‌కు మళ్ళించాలంటే ఏం చూసుకోవాలి? ఒప్పందం కుదిరింది గనక సుంకం ఉండదంటున్నారు.
— పలాస నుంచి ఒక వ్యాపారి

జవాబు: 2020 డిసెంబరు 24న, పాత నియమాలే కొనసాగిన పరివర్తన కాలం డిసెంబరు 31న తీరడానికి సరిగ్గా వారం ముందు కుదిరిన వాణిజ్య ఒప్పందం సుంకం ఎత్తేసింది యూరప్‌లోనో బ్రిటన్‌లోనో పుట్టిన సరుకుకే. రోటర్‌డామ్ మీదుగా వెళ్ళినంత మాత్రాన పలాస పప్పు యూరప్ సరుకైపోదు. జీడిపప్పు మీద రెండుచోట్లా సుంకం లేదు కాబట్టి మీకు నష్టం లేదు. రొయ్యలవారికి ఉంది. రోటర్‌డామ్‌లో సుంకం కట్టి విడిపించిన సరుకును బ్రిటన్‌కు పంపితే మళ్ళీ కట్టాల్సి రావచ్చు. విడిపించకుండా టీ1 ట్రాన్సిట్ కాగితం మీద నేరుగా బ్రిటన్‌కు దాటిస్తే ఈ రెండో దెబ్బ తప్పుతుంది.

దిగుమతిదారుకు 'జీబీ'తో మొదలయ్యే ఈఓఆర్‌ఐ (కస్టమ్స్ నమోదు) నంబరు ఉండాలి, యూరప్ నంబరు బ్రిటన్‌లో చెల్లదు. ప్యాకెట్ కట్టి పంపుతుంటే లేబుల్ మీద బ్రిటన్ చిరునామా వేయించండి. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌కు పంపేదైతే ముందే అడిగి తెలుసుకోండి, అక్కడ సరుకులకు ఇప్పటికీ ఎక్కువగా యూరప్ నియమాలే. రొయ్యలకు ఆరోగ్య ధ్రువపత్రం నమూనా కూడా రెండుచోట్లా వేరు. యూరప్ పత్రంతో బ్రిటన్ రేవుకు చేరితే సరుకు అక్కడే ఆగిపోతుంది. కంటైనర్ ఎక్కించకముందే గమ్యం తేల్చుకుని పత్రం తీసుకోవాలి.

ప్రశ్న: మా అమ్మాయి లీడ్స్‌లో చదువుతోంది. బ్రెగ్జిట్ వల్లే పారిస్‌కు వేరే వీసా అడుగుతున్నారా?
— ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: కాదమ్మా. ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో బ్రిటన్ ఎన్నడూ లేదు. భారతీయ పాస్‌పోర్టుతో అక్కడ చదివే విద్యార్థులకు అప్పుడూ షెంగెన్ వీసా కావాల్సిందే. ఫ్రాన్స్ వీసాకు బ్రిటన్ నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. తిరిగి వచ్చాక కనీసం మూడు నెలలైనా బ్రిటన్ వీసా మిగిలి ఉండేలా చూసుకోమనండి.