మూడు నెలల విదేశీ ప్రయాణానికి ఏడు కిలోల బ్యాగు చాలు, ముఖ్యంగా ఒంటరిగా వెళ్లే అమ్మాయికి

థాయ్‌లాండ్, లావోస్, వియత్నాం మూడు నెలలు ఒంటరిగా తిరగడానికి భుజాన వేసుకునే ఒక్క బ్యాగు సరిపోతుందా అని మీరు అడిగారు. "ఆడపిల్లవి, పెద్ద సూట్‌కేసు తీసుకెళ్లు" అని ఇంట్లో పట్టుబడుతున్నారని కూడా రాశారు. బ్యాగు సరిపోతుంది, అందులో అనుమానమేం లేదు. నేను చెప్పాలనుకున్నది ఆ రెండో మాట గురించి. ఆడపిల్ల కాబట్టే చిన్న బ్యాగు తీసుకెళ్లాలి.

ఉత్తర థాయ్‌లాండ్‌లో చియాంగ్ ఖోంగ్ దగ్గర సరిహద్దు దాటితే లావోస్‌లో హువేసాయ్ అనే ఊరు వస్తుంది. అక్కడి నుంచి లువాంగ్ ప్రబాంగ్‌కు మెకాంగ్ నదిలో పొడవాటి పడవలు నడుస్తాయి. రెండు రోజుల ప్రయాణం. మధ్యలో రాత్రికి పాక్‌బెంగ్ అనే చిన్న ఊళ్లో దింపేస్తారు, గది మనమే చూసుకోవాలి. నేను వెళ్లింది ఎండాకాలంలో. నది బాగా తగ్గిపోయి ఒడ్డు నిటారుగా పైకి ఉంది, అంతా ఇసుకా రాళ్లూ. పడవకీ ఒడ్డుకీ మధ్య ఒక చెక్క పలక వేశారు. అప్పుడే చీకటి పడుతోంది.

మా పడవలో బెంగళూరు నుంచి వచ్చిన అమ్మాయిలు ఇద్దరున్నారు. ఇద్దరివీ పెద్ద ట్రాలీ సూట్‌కేసులు. పలక దాటగానే చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. పై నుంచి గెస్ట్‌హౌస్‌ల కుర్రాళ్లు దిగొచ్చారు. చేతిలో గది ఫొటోల కార్డు, నోట్లో రేటు. ఒకతను ఒక సూట్‌కేసును, ఇంకొకతను రెండోదాన్ని భుజాన ఎత్తుకుని చకచకా పైకెక్కేశారు. అమ్మాయిలు వాళ్ల వెనకాల పరుగు. సూట్‌కేసు ఎక్కడ ఆగితే అక్కడే వాళ్ల బస. ఆ కుర్రాళ్లు మంచివాళ్లే, సాయం చేశారు. కానీ ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది ఆ అమ్మాయిలు నిర్ణయించుకోలేదు, వాళ్ల సామాను నిర్ణయించింది.

నా బ్యాగు నా సీటు కిందే ఉంది. భుజాన వేసుకుని ఎక్కేశాను. ఒక గదిలో కిటికీ రెక్క మూసుకోవడం లేదు, వద్దన్నాను. ఇంకోచోట మెట్ల దగ్గర మగవాళ్లు కూర్చుని తాగుతున్నారు, లోపలికి కూడా వెళ్లలేదు. రోడ్డు చివర ఒక పెద్దావిడ నడిపే చోట లోపలి గొళ్లెం లాగి చూశాను, గట్టిగా ఉంది. పక్క గదిలో పిల్లలతో ఒక కుటుంబం దిగింది. అక్కడ హాయిగా నిద్రపోయాను. పొద్దున పడవలో ఆ అమ్మాయిలు చెప్పారు, వాళ్ల గదికి గడియ సరిగ్గా పడక తలుపుకు సూట్‌కేసులు అడ్డంపెట్టి పడుకున్నారట.

ఇది మీ అమ్మగారికి చెప్పండి. నచ్చని చోటి నుంచి ఎవరి సాయమూ అడక్కుండా ఆ క్షణమే బయటికి వచ్చేయగలగడం, ఒంటరిగా తిరిగే ఆడదానికి దీన్ని మించిన రక్షణ లేదు. చేతిలో పాతిక కిలోలుంటే అది కుదరదు.

ఇక ఏడు కిలోల లెక్క. ఆ దేశాల మధ్య తిరిగే చౌక విమానాల్లో చాలావాటికి చేతి సామాను పరిమితి అదే. చక్రాల సూట్‌కేసు ఖాళీగానే రెండున్నర, మూడు కిలోలు తూగుతుంది, అంటే సగం దగ్గర దగ్గర అక్కడే పోయింది. నలభై లీటర్ల లోపు మంచి బ్యాగు కిలో, కిలోంపావులో వస్తుంది. మూడు నెలలకని సర్దొద్దు, వారానికి సర్దండి. ఊరూరా కిలో లెక్కన బట్టలు ఉతికిచ్చే దుకాణాలున్నాయి. జీన్స్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి, దీనిమీద నాతో వాదించొద్దు. అరకిలో పైన బరువు, ఆ ఉక్కలో రెండు రోజులైనా ఆరదు. పల్చటి కుర్తాలు, రెండు వదులు ప్యాంట్లు చాలు. వియత్నాంలో హనోయిలో, కొండల మీది సాపాలో డిసెంబరు, జనవరి చలికి జాకెట్ కావాలి, నిజమే. హనోయిలోనే కొనుక్కోవచ్చు, హైదరాబాద్ నుంచి మోసుకెళ్లడం ఎందుకు?

టర్కీ తువ్వాలు వద్దే వద్దు. కోఠిలోనో సుల్తాన్ బజార్‌లోనో పల్చటి చేనేత తువ్వాల రెండు తీసుకోండి. మడిస్తే అరచేతిలో పడుతుంది, ఫ్యాను కింద గంటన్నరలో ఆరుతుంది. వీడియోల్లో చూపించే మైక్రోఫైబర్ తువ్వాళ్లకు అంత డబ్బు పోసి, ఒంటికి అంటుకునే ఆ గుడ్డతో ఎందుకు తుడుచుకుంటారో నాకర్థం కాదు. మన నేతవాళ్లు ఎప్పుడో నేసిపెట్టిన వస్తువది. అలాగే ఒక పెద్ద కాటన్ చున్నీ. పక్కనే కంబోడియాలో ఉన్న అంకోర్‌వాట్ దాకా వెళ్తే భుజాలు, మోకాళ్లు కప్పుకోవాల్సిందే, థాయ్ గుళ్లలోనూ అంతే. అదే చున్నీ బస్సులో ఏసీకి దుప్పటి, హాస్టల్ మంచానికి తెర.

నెలసరికి మెన్‌స్ట్రువల్ కప్పు అలవాటుంటే చాలా చోటు మిగులుతుంది. లేకపోతే ఇప్పటినుంచే మొదలుపెట్టండి, ప్రయాణంలో కాదు. ప్యాడ్లు అన్ని దేశాల్లో దొరుకుతాయి, మూడు నెలలకు సరిపడా మోయక్కర్లేదు. మందులు స్ట్రిప్పుల్లోనే, డాక్టర్ చీటీతో పెట్టుకోండి. పవర్ బ్యాంకు చేతి సామానులోనే ఉండాలి, 100 వాట్‌అవర్లు దాటకూడదు. ఇరవైవేల ఎంఏహెచ్‌ది దాదాపు 74 అవుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. మన రెండు పిన్నుల ఫోన్ చార్జర్ ఈ మూడు దేశాల్లోనూ మామూలుగా పట్టేస్తుంది. మలేషియా, సింగపూర్ కలిపితేనే అడాప్టర్ కావాలి.

మన దగ్గర బ్యాగు బరువు పెరిగేది బట్టలతో కాదు, బంధువులతో. "తీస్కపో బిడ్డా, అక్కడ ఏం దొరుకుతదో ఏమో" అని మా పెద్దమ్మ గోంగూర డబ్బా చేతిలో పెడితే కాదనడం ఎంత కష్టమో నాకు తెలుసు. శంషాబాద్‌లో నా ముందు వరసలో ఒక కొత్త కోడలి బ్యాగు ఆపారు. లోపల ఒడిబియ్యంతో పెట్టిన కుడుకలున్నాయి. ఎండు కొబ్బరిలో నూనె ఎక్కువ, వేడెక్కి దానంతటదే అంటుకునే గుణం ఉందని విమానాల్లో అనుమతించరు. ఆ అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. పుట్టింటివాళ్లు ప్రేమగా పెట్టింది అక్కడ తీసి పక్కన పడేస్తుంటే చూడలేకపోయాను. పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పి ఉంటే ఆ పిల్లకు ఆ బాధ తప్పేది. నూనె ఊరే పచ్చళ్లు చేతి సామానులో ఇదే గొడవ తెస్తాయి, నెయ్యి కూడా వంద మిల్లీలీటర్లు దాటకూడదు. కారప్పొడిని కూడా చేతి సామానులో రానివ్వరు. లావోస్‌లో ఆవిరి మీద వండే జిగురు అన్నంలో అది అద్దుకుని తింటే ఎంత బాగుండేదో!

సర్దడం అయ్యాక ఇంట్లో కాటా మీద తూచి సరిపెట్టుకోవద్దు. ఆదివారం పొద్దున్నే అదే బ్యాగు వేసుకుని గోల్కొండకు వెళ్లి బాలాహిసార్ దాకా ఆగకుండా ఎక్కండి. వీలైతే అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. ఎక్కలేకపోతే ఇంటికొచ్చి రెండో జత బూట్లు తీసేయండి, సాధారణంగా బరువంతా వాటిదే. విమానాశ్రయానికి పుష్పక్ బస్సులో వెళ్లండి. సాగనంపడానికి కారు నిండా చుట్టాలొస్తే ఆఖరి నిమిషంలో ఇంకో డబ్బా చేతిలో పడుతుంది.