‘స్వీనీ టాడ్’ సినిమా హాలీవుడ్ దర్శకుడు టిమ్ బర్టన్ చీకటి, వింత శైలికి అంత బాగా ఎలా కుదిరింది?

కథే ఆయన కోసం పుట్టినట్టుంటుంది. చేయని నేరానికి శిక్షపడిన మంగలి టాడ్ లండన్‌కు తిరిగొచ్చి, జడ్జి మీద పగతో గొంతులు కోస్తాడు. కింద దుకాణంలో మిసెస్ లవెట్ ఆ మాంసంతో పైలు (లోపల మాంసం కూరి కాల్చే వంటకం) చేసి అమ్ముతుంది.

అసలు బలం రంగుల్లో ఉంది. 2007 నాటి ఈ సినిమాలో రంగులన్నీ దాదాపు బూడిదలా అయ్యేదాకా తగ్గించారు. మామూలు ఎర్ర రంగు వాడితే రక్తం నల్లగా కనిపిస్తుంది. అందుకే సెట్లో నారింజ ఛాయ రక్తం వాడారు. మిసెస్ లవెట్ సముద్రతీరం గురించి కలగనే పాటలో మాత్రం రంగులు ఒక్కసారిగా విచ్చుకుంటాయి. అంత వెలుతురులోనూ టాడ్ మొహం మాడ్చుకునే కూర్చుంటాడు, అది చూసి తీరాలి! డాంటే ఫెరెట్టి, ఫ్రాంచెస్కా లో స్కియావోల కళాదర్శకత్వానికి ఆస్కార్ దక్కింది.

ఈ సినిమాకు ఆధారం స్టీఫెన్ సోండ్‌హైమ్ సంగీతంతో 1979లో న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్‌వేకి వచ్చిన నాటకం. అందులో బృందం ప్రేక్షకులకు కథ పాడి చెబుతుంది. బర్టన్ ఆ గానం తీసేశారు, బాణీని టైటిల్స్ కింద ఉంచారు. నాటకం అభిమానులకు అది లోటే. కానీ చెప్పేవాళ్లు తప్పుకోవడంతో కథంతా టాడ్‌గా నటించిన జానీ డెప్ కళ్లలోకి చేరింది. పాటలు ముందే రికార్డు చేశారు కాబట్టి, క్లోజప్‌లో ఆయన గొణిగినట్టు పాడినా ప్రతి మాటా వినిపిస్తుంది.