రెండు వేల రూపాయల స్మార్ట్ వాచీలో బీపీ నార్మల్ వస్తే మాత్ర మానేయొచ్చా?

మాత్ర మాత్రం ఆపించకండి, ముందు ఆ మాట చెప్పేస్తున్నా. మీ నాన్నగారు వాచీలో రోజూ 118/76 వస్తోంది ఇంక మందులెందుకు అంటున్నారని రాశారు కదా, మాది పర్లాకిమిడి, మా మావయ్యదీ అచ్చం ఇదే వరస. పాతపట్నంలో వాళ్లబ్బాయి కొనిచ్చిన వాచీ, మేడ మెట్లెక్కొచ్చినా 122 దాటదు, పడుకుని లేచినా 115కి దిగదు. ఓరోజు తల బరువుగా ఉందంటే జబ్బకి పట్టీ కట్టే మిషన్‌తో చూశాం, 172/100, అదే టైములో వాచీలో 121/79. డౌటొచ్చి దాన్ని తీసి చుట్టిన తువ్వాలుకి కట్టా, తువ్వాలుకీ బీపీ వచ్చింది! "నాకన్నా దీని ఆరోగ్యమే బాగుందిరా" అన్నాడు మావయ్య.

వాచీ వెనక పచ్చ లైటుంటుంది చూడండి, నాడి కొట్టుకున్నప్పుడల్లా చర్మం నించి తిరిగొచ్చే వెలుగు మారుతుంది, దాన్నిబట్టి పల్స్ లెక్కేస్తుంది, కదలకుండా కూర్చుంటే అది బానే వస్తుంది. బీపీ అలా కాదు, నొక్కి చూసే పట్టీ లేనప్పుడు అదంతా అంచనాయే. శాంసంగ్ వాచీకైనా ముందు పట్టీ మిషన్ రీడింగు ఇవ్వాలి, నాలుగు వారాలకోసారి మళ్లీ ఇవ్వాలి. మావయ్య వాచీ వయసూ బరువూ అడిగి ఊరుకుంది.

మరి ఎలా అమ్ముతున్నారంటారా, డబ్బా మీద ఇంత గుండె బొమ్మ, లోపల కాయితంలో చీమతలకాయంత అక్షరాల్లో "వైద్య అవసరాలకు కాదు" అని. మన దేశంలో 2020 ఏప్రిల్ నించి మెడికల్ డివైజులన్నీ మందుల చట్టం కిందకొచ్చాయి, దాన్ని తప్పించుకోడానికే ఆ లైను అని నా అనుమానం. ఆపిల్ వాళ్లు 2018లో తమ వాచీలో ఈసీజీకి ఎఫ్‌డీఏ, అంటే అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే సర్కారు సంస్థ, దాని అనుమతి తెచ్చుకున్నారు, అదీ ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని గుండె లయ తప్పడాన్ని పట్టుకోడానికే, గుండెపోటు మా వాచీ కనిపెట్టదని వాళ్లే రాస్తారు. రక్తంలో ఆక్సిజన్ కొలిచే పద్ధతి మీద మాసిమో కంపెనీతో పేటెంటు గొడవై 2024 జనవరిలో అమెరికాలో అమ్మే కొత్త వాచీల్లో ఆ ఫీచరే తీసేయాల్సొచ్చింది, మళ్లీ 2025 ఆగస్టులో పద్ధతి మార్చి పెట్టుకున్నారు. ఇందులో అంత డబ్బుందన్నమాట. ఇంక సూది గుచ్చకుండా షుగర్ చూపిస్తాయనే వాచీల జోలికి అసలెళ్లకండి, అలాంటి ఏ వాచీకీ ఉంగరానికీ మేం అనుమతివ్వలేదని 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏనే హెచ్చరించింది, ఆ నెంబరు చూసి ఇన్సులిన్ వేసుకుంటే మనిషికే ముప్పు.

వాచీ పారేయక్కర్లేదు, నడక లెక్కకి ఉంచుకోమనండి. జబ్బకి కట్టే మిషన్ ఒకటి కొని, పొద్దున్న ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టి చూసి కాయితం మీద రాయండి. మీరు గుణుపూర్ అన్నారు కాబట్టి ఆ కాయితం పట్టుకుని అక్కడి సర్కారు ఆసుపత్రిలోనే చూపించండి, నిరామయ అని ఒడిశా సర్కారు ఉచిత మందుల పథకం ఉంది, ఆ కౌంటర్లో మందులు ఊరికే ఇస్తారు, డోసు తగ్గించాలో వద్దో డాక్టరే చెప్తాడు. ఎప్పుడన్నా ఛాతీలో పట్టేసినట్టుందంటే మాత్రం వాచీలో ఏముందని చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేసేయండి.