కిడ్నీ గ్రూపు మార్చే చికిత్స వచ్చేదాకా ఆగొచ్చా?

మీ నాన్నగారిది ఓ (O) బ్లడ్ గ్రూపు, కిడ్నీ ఇస్తానంటున్న అమ్మగారిది ఏ (A). పెట్టే ముందే కిడ్నీని ఓ గ్రూపుగా మార్చేస్తారట, అదొచ్చేదాకా డయాలిసిస్‌తో నెట్టుకురావచ్చా అని అడిగారు. దయచేసి ఆగకండి. మా ఆయనది ఓ, నాది బీ. ఆరేళ్ల క్రితం నా కిడ్నీయే ఆయనకు పెట్టారు.

మీరు విన్నది నిజమే. ఏ గ్రూపు కిడ్నీలో రక్తనాళాల లోపలి గోడలకు ఒకరకం చక్కెర అంటుకుని ఉంటుంది. ఓ గ్రూపు వాళ్ల రక్తంలో దానిమీద పడే యాంటీబాడీలు ముందునుంచే ఉంటాయి. ఆ చక్కెరను ఎంజైములతో కత్తిరించేస్తే ఇక పట్టుకోవడానికేమీ ఉండదు. 2022లో కేంబ్రిడ్జ్ వాళ్లు మూడు కిడ్నీలను యంత్రంమీద పెట్టి ఇలా మార్చి చూపించారు. 2025లో చైనా, కెనడా పరిశోధకులు అలా మార్చిన ఏ గ్రూపు కిడ్నీని, కుటుంబం ఒప్పుకున్నాక, బ్రెయిన్‌డెడ్ అయిన ఒకరికి అమర్చారు. రెండు రోజులు బాగా పనిచేసింది. మూడోరోజుకి ఆ చక్కెర మళ్లీ మొలవడం మొదలైంది. మనలాంటివాళ్ల దాకా రావడానికి ఇంకా చాలా పని ఉంది.

మాకు చేసింది వేరు. కిడ్నీని కాదు, ఆయన రక్తాన్ని సిద్ధం చేశారు. ముందు యాంటీబాడీల తయారీని తగ్గించే రిటుక్సిమాబ్ ఇంజెక్షన్, కొన్ని వారాలయ్యాక ప్లాస్మా మార్పిడి, అంటే యాంటీబాడీలున్న రక్తద్రవాన్ని తీసేసి వేరేది ఎక్కించడం. మంచం పక్కన సంచిలోకి పల్చటి పప్పుకట్టులా ప్లాస్మా దిగుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఆ యాంటీబాడీలు ఎంతున్నాయో చెప్పే లెక్క, టైటర్, 1:256 ఉండేది, 1:8కి దిగితేనే ఆపరేషన్ అన్నారు. నాలుగోసారికి 32కి వచ్చి, తెల్లారేసరికి మళ్లీ 64 అయింది. ఆ రోజంతా ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు, అన్నం కూడా ముట్టలేదు. ఇంకో మూడుసార్లు చేశాక దిగింది.

కష్టాలు లేవని చెప్పను. ఖర్చు బాగా పెరిగింది. రోగనిరోధక శక్తి తగ్గించేస్తారు కాబట్టి రెండో నెలలో న్యుమోనియా వచ్చి పన్నెండు రోజులు ఆస్పత్రిలోనే ఉన్నాం. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఇచ్చే టాక్రోలిమస్ మందు ఇప్పటికీ పూటపూటా గంట చూసుకుని వేసుకోవాల్సిందే.

స్వాప్ (రెండు కుటుంబాలు దాతలను మార్చుకోవడం) గురించి కూడా అడగండి, 2011 సవరణతో చట్టం ఒప్పుకుంది. కాకపోతే ఓ గ్రూపు దాత ఉన్నవాళ్లు సాధారణంగా తమవాళ్లకే నేరుగా ఇచ్చేసుకుంటారు, అందుకే మనకి జత దొరకడం కష్టం. ఈలోగా చనిపోయినవాళ్ల అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించండి.

ఈసారి నెఫ్రాలజిస్టు దగ్గరకెళ్లినప్పుడు నాన్నగారి యాంటీ-ఏ టైటర్ ఎంతో, క్రాస్‌మ్యాచ్ (అమ్మగారి కణాలు నాన్నగారి రక్తానికి పడతాయో లేదో చూసే పరీక్ష) ఎలా వచ్చిందో కనుక్కోండి. అమ్మగారిది ఏ1నా ఏ2నా (ఏ గ్రూపులోనే ఉపరకాలు) అన్నది తప్పకుండా అడగండి. ఏ2 అయితే ఆ చక్కెర తక్కువగా ఉంటుంది, దారి చాలా సులువవుతుంది.