ఎనిమిది లక్షల్లో మీ బంగారం ఎంత?

ప్రశ్న: మాది తెనాలి. ఏడాదిన్నరగా పిల్లలతో పుట్టింట్లో ఉంటున్నాను. పాపకి తొమ్మిదేళ్ల నాలుగు నెలలు, బాబుకి ఆరేళ్లు. బట్టల షాపులో నెలకు 11,500 జీతం. మా ఆయనకు బైక్ మెకానిక్ షెడ్డు ఉంది. పెద్దమనుషుల్లో కూర్చుంటే నాకూ పిల్లలకూ కలిపి 8 లక్షలు ఒకేసారి ఇస్తానన్నాడు. ఆ తర్వాత ఏ సంబంధమూ ఉండకూడదని స్టాంపు పేపరు మీద రాయాలట. నా ఆరు కాసుల బంగారం షెడ్డు కోసం ఆయన పేరు మీద తాకట్టులో ఉంది. నా పేరున డ్వాక్రా లోను ఇంకా 48,000 ఉంది, అదీ షెడ్డుకే పెట్టాం. డబ్బు రాగానే స్థలం కొందామంటాడు మా అన్నయ్య. మొన్న పాప "నేను గవర్నమెంటు స్కూల్లో చేరతాలే అమ్మా" అంది. ఆ 8 లక్షలు తీసుకోమంటారా?

జవాబు: ఇప్పుడున్న మాట ప్రకారమైతే వద్దమ్మా. ఎందుకో చెబుతాను, కాగితం, పెన్ను తీసుకోండి.

బాబుకి పద్దెనిమిదేళ్లు రావడానికి ఇంకా 144 నెలలు, పాపకి 104 నెలలు. కలిపితే 248. ఎనిమిది లక్షల్ని 248తో భాగిస్తే ఒక్కో బిడ్డకు నెలకు 3,226 రూపాయలు. ఫీజు, బట్టలు, జ్వరాలు, తిండి అన్నీ అందులోనే. మీ వాటా సున్నా. డబ్బు బ్యాంకులో ఉంటే వడ్డీ వస్తుంది కదా అంటారు. నిజమే, కానీ స్కూలు ఫీజు వడ్డీ కోసం ఆగదు, దాని కంటే ముందే పరిగెడుతుంది.

ఇప్పుడు రెండో లెక్క. ఆరు కాసులంటే 48 గ్రాములు. ఇవాళ్టి ధరకు నాలుగు లక్షలకు పైమాటే. అది మీ స్త్రీధనం, దాని మీద ఆయనకు హక్కు లేదు. ఆ బంగారం సంగతి తేల్చకుండా 8 లక్షలు పుచ్చుకుంటే, అందులో కనీసం సగం మీ నగలు మీకే తిరిగొచ్చినట్టు. డ్వాక్రా బాకీ 48,000 కూడా తీసేయండి. పదకొండున్నర వేల జీతంతో ఆ కిస్తీ కట్టేది మీరే, మీరు కట్టకపోతే గ్రూపులో మిగతా ఆడవాళ్లు మీ గుమ్మంలో కూర్చుంటారు. ఇక ఆయన నిజంగా ఇస్తున్నదెంతో మీరే చూసుకోండి.

అందుకని మాట్లాడే వరస మార్చండి. ముందు బంగారం విడిపించి మీ చేతికివ్వాలి. తర్వాత డ్వాక్రా బాకీ ఆయనే తీర్చాలి. ఆ రెండూ అయ్యాకే పిల్లల డబ్బు గురించీ, మీ డబ్బు గురించీ మాట్లాడాలి. పిల్లల డబ్బూ, మీ డబ్బూ వేర్వేరు మొత్తాలుగా కాగితం మీద ఉండాలి. "నాకూ పిల్లలకూ కలిపి" అన్న మాటే నాకు నచ్చలేదు. మీ భరణం మీరు వదులుకుంటారో లేదో మీ ఇష్టం. పిల్లల పోషణ హక్కును వాళ్ల తరఫున వదులుకుంటూ తల్లి సంతకం పెట్టినా అది చెల్లదు. విడాకుల తర్వాత మీరు ఆయన వారసురాలు కారు, కానీ పిల్లలిద్దరూ ఆయన వారసులే. "ఏ సంబంధమూ లేదు" అని రాయించడం వెనక ఉన్న భయం బహుశా ఇదే.

స్టాంపు పేపరు సంగతి. నేను లాయర్‌ని కాను, అయినా ఇలాంటి కాగితాలు చాలా చూశాను. పెద్దమనుషులు రాసిన కాగితంతో విడాకులు రావు. కొన్ని కులాల్లో ఆచారం ఉందంటారు, ఆ ఆచారాన్ని మళ్లీ కోర్టులోనే రుజువు చేసుకోవాలి. మాట కుదిరితే పరస్పర అంగీకారంతో హిందూ వివాహ చట్టం 13బి కింద కోర్టుకు వెళ్లండి, ఒప్పుకున్నదంతా అక్కడ రికార్డవుతుంది. ఖర్చని భయపడొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

"నాకు నెలకు పదిహేను వేలే వస్తాయి" అని ఆయన అంటాడు. షెడ్డు వాళ్లందరూ అదే అంటారు. భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులూ అప్పులూ అఫిడవిట్‌లో చెప్పాలని సుప్రీంకోర్టు 2020లోనే ఆదేశించింది. షెడ్డు గోడకు అంటించిన క్యూఆర్ స్కానర్ ఉంటుంది కదా, అందులో పడిన ప్రతి రూపాయీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. మీ లాయరుకు ఆ ముక్క చెప్పండి.

ఒకేసారి తీసుకోవాలా, నెలనెలా తీసుకోవాలా? జీతం స్లిప్పు లేని మనిషి దగ్గర నెలవారీ వసూలు చాలా కష్టం. మొదటి ఏడాది పడుతుంది, రెండో ఏడాది ఆలస్యం, ఆ తర్వాత కోర్టు చుట్టూ మీరు తిరగాలి. నేనైతే ముప్పాతిక వంతు ఒకేసారి, మిగతాది పిల్లల పేరున నెలనెలా అడుగుతాను. నెలవారీ చిన్న మొత్తమైనా ఉండనివ్వండి. రేపు పాప కాలేజీకి వచ్చినప్పుడు పెంచమని అడగడానికి ఆ దారి తెరిచి ఉంటుంది.

అన్నయ్య మంచికే చెబుతున్నాడు, కాదనను. వెనకటికి ఆడపిల్ల పుట్టింటికి వస్తే ఇంకో కంచం పెట్టేవాళ్లు, ఆమె చాకిరీకి మాత్రం లెక్కుండేది కాదు. ఇప్పుడు అన్నకూ ఫీజులున్నాయి, వదినకూ ఓపిక అయిపోతుంది. ఏడాదిలోపల మీరు వేరే గది చూసుకోవాల్సి రావచ్చు. స్థలం అద్దె కట్టదు. పైగా ఇలా కొన్న స్థలం అన్న పేరున రిజిస్టరైన కేసు ఒకటి నా దగ్గరికి వచ్చింది. అన్నాచెల్లెళ్లకు ఇప్పుడు మాటల్లేవు.

డబ్బు చేతికొస్తే ఆరు నెలల ఖర్చు సేవింగ్స్‌లో కదపకుండా ఉంచండి. 5 లక్షలు పోస్టాఫీసు మంత్లీ ఇన్‌కమ్ స్కీములో వేస్తే 7.4 శాతం చొప్పున నెలకు 3,083 వస్తుంది, గది అద్దెలో ఎక్కువ భాగం అదే. చిట్టీలు, అధిక వడ్డీలు వద్దు. మీకేదైనా అయితే పిల్లలకు మిగిలేది ఆయన షెడ్డే కాబట్టి, ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి (జీవిత బీమా), 20 రూపాయల సురక్షా బీమా (ప్రమాద బీమా) రెండూ బ్యాంకులో ఈ వారమే చేయించుకోండి. చెరో 2 లక్షల కవర్. నామినీగా ఆయన పేరున్న ప్రతి పాస్‌బుక్‌లోనూ పేరు మార్చండి.

ఆడపిల్లల పేరున పొదుపు చేసే సుకన్య సమృద్ధి ఖాతాకు మాత్రం సెటిల్‌మెంట్ దాకా ఆగొద్దు. పదేళ్లు నిండితే ఖాతా తెరవనివ్వరు. మీకు ఎనిమిది నెలలే ఉన్నాయి. 250 రూపాయలతో తెరవొచ్చు. నెలకు వెయ్యి వేయగలిగితే, ఇప్పటి 8.2 శాతం వడ్డీ ఇలాగే ఉంటే పాప పద్దెనిమిదికి వచ్చేసరికి దాదాపు లక్షన్నర అవుతుంది, అందులో సగం దాకా చదువుకు తీసుకోవచ్చు.

పాప మాట గురించి. తొమ్మిదేళ్ల పిల్ల ఫీజు లెక్క తన నెత్తిన వేసుకుందంటే ఇంట్లో పెద్దలు మాట్లాడుకునేదంతా పక్కగదిలోకి వినిపిస్తోందని అర్థం. గవర్నమెంటు స్కూలు తప్పేమీ కాదు, నేనూ అక్కడే చదివాను. కానీ ఆ నిర్ణయం మీరు తీసుకోండి, స్కూలు చూసొచ్చి, టీచర్లతో మాట్లాడి. పిల్లల చదువుకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు 2025లో ఒక్కో బిడ్డకు 13,000 చొప్పున తల్లుల ఖాతాల్లో పడింది. మీ ఖాతాలో పడిందా? లేకపోతే పిల్లలు ఏ రైస్ కార్డులో ఉన్నారో సచివాలయంలో చూపించుకోండి.

అన్నిటికంటే ముందు తాకట్టు రసీదు. లోను ఆయన పేరున ఉంది కాబట్టి వేలం నోటీసు వచ్చినా షెడ్డు చిరునామాకే వెళ్తుంది, మీకు తెలియదు. రసీదు మీద గడువు తేదీ ఉంటుంది. మీ ఉత్తరంలో అది రాయలేదు. కనీసం ఫోన్‌లో తీసిన ఫోటో అయినా ఉందేమో ఈ రాత్రికే వెతకండి.