రిమోట్ ఉద్యోగానికి సీవీ రాస్తున్న తమ్మునికి

తమ్మీ,

నువ్వు పంపిన సీవీ రెండు పేజీలూ చదివాను. నీకు పని రాదని కాదు, నీకు వచ్చిన పని అందులో ఎక్కడా కనబడటం లేదు. మొన్న ఫోన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ గురించి, చపాటా మిర్చి గురించి నువ్వు చెప్పిన దాంట్లో పావు వంతు కూడా ఆ కాగితం మీదికి రాలేదు.

హనుమకొండలో ఉద్యోగమంటే మనల్ని ఎరిగినవాళ్లు ఎవరో ఒకరు ఉంటారు, పిలిచి మాట్లాడతారు, కొన్నాళ్లు పని చూసి ఉంచుకుంటారు. ఇంట్లో కూర్చొని చేసే రిమోట్ పనిలో ఆ అవకాశం లేదు. బెంగళూరులోనో బెర్లిన్‌లోనో కూర్చున్న మనిషికి నువ్వంటే ఆ ఒక్క పేజీ, అందులోని లింకులు, దాంతో పాటు పంపిన మెయిల్, అంతే. పైగా నువ్వు అడుగుతున్నది రాసే పని. వాళ్లు చదివే నీ మొదటి రచన ఆ సీవీయే కాబట్టి నీ కథను ఎంత శ్రద్ధగా దిద్దుకుంటావో దాన్నీ అంతే శ్రద్ధగా దిద్దు.

ముందు తీసేయాల్సినవి తీసేయ్. నాన్న పేరు, పుట్టిన తేదీ, పెళ్లయిందా లేదా, ఇంటి నంబరు, ఫొటో, హాబీలు, చివర ‘పై వివరాలన్నీ నిజమని ప్రమాణం చేస్తున్నాను’ అనే వాక్యం, ఇవేవీ అక్కర్లేదు. హనుమకొండ, తెలంగాణ, ఇండియా అని రాస్తే చాలు. ‘హార్డ్ వర్కర్, టీమ్ ప్లేయర్, గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్’ అన్న లైను కూడా కొట్టేయ్, అది ప్రతి సీవీలో ఉంటుంది, ఎవరూ నమ్మరు. ఇవి పోతే నీది ఒక్క పేజీకి వస్తుంది, నీ అనుభవానికి ఆ ఒక్కటి సరిపోతుంది.

ఇక్కడ జర ఆగి ఆలోచించు. యాప్‌లను, వెబ్‌సైట్లను స్థానిక భాషల్లోకి మార్చే లోకలైజేషన్ కంపెనీల్లో తెలుగు పనికి నీ సీవీని చాలాసార్లు ఇద్దరు చదువుతారు. మొదట చూసేది ప్రాజెక్ట్ మేనేజరో రిక్రూటరో, ఆ మనిషికి సాధారణంగా తెలుగు అక్షరం ముక్క రాదు. రెండో మనిషి సీనియర్ తెలుగు రివ్యూయర్, ఆయన సీవీని పైపైన చూసి నేరుగా నువ్వు నమూనాగా పంపిన రచన, అంటే శాంపిల్ తెరుస్తాడు, ఒక్క ఒత్తు తప్పున్నా ఆయన కన్ను అక్కడే పడుతుంది. అందుకే సీవీ ఇంగ్లిష్‌లో ఉండాలి, ప్రతి తెలుగు శాంపిల్ పక్కన అది ఏమిటో, ఎవరి కోసం రాశావో, అందులో నీ వంతు ఎంతో ఇంగ్లిష్‌లో రెండు లైన్లు ఉండాలి. శాంపిల్ మాత్రం రివ్యూయర్ కోసం, దాంట్లో రాజీ పడొద్దు.

ఇప్పుడు నీ అనుభవం దగ్గరికి వద్దాం. నువ్వు ‘యూట్యూబ్ చానల్‌కు కంటెంట్ రైటర్’ అని రాసి వదిలేశావు. అదే విషయాన్ని ఇలా రాస్తే చూడు: ‘వరంగల్ నుంచి నడిచే వ్యవసాయ చానల్‌కు వారానికి రెండు స్క్రిప్టులు, రైతులతో ఇంటర్వ్యూలు తీసుకున్నదీ, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ టైమింగ్‌తో సహా పెట్టిందీ నేనే.’ ఇందులో గొప్పలు లేవు, నువ్వు చేసిందే ఉంది, కానీ చదివిన మనిషికి నీకు గడువులు అలవాటేనని, రెండు భాషల్లో పని చేస్తావని, ఎవరూ వెనకాల నిలబడకుండానే పని ముగిస్తావని తెలిసిపోతుంది. రిమోట్‌లో వాళ్లకు కావాల్సింది ముఖ్యంగా ఈ చివరిదే. అంకెలు రాస్తే మాత్రం నువ్వు చూపించగలిగినవే రాయి, ఇంటర్వ్యూలో ‘ఎలా లెక్కేశావ్’ అని అడిగితే తడబడకూడదు. ఈ లైన్లను చాట్‌జీపీటీతో రాయించకు, ఇంగ్లిష్ తప్పులు చూపించమని అడుగు చాలు. అది రాసే నున్నటి వాక్యాలు అందరి సీవీల్లోనూ ఒకేలా ఉంటున్నాయి.

2025లో వరంగల్ చపాటా మిర్చికి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు నువ్వు రాసిన వ్యాసం నీ దగ్గర ఉన్నవాటిలో బెస్ట్ శాంపిల్. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉన్న ఆ కాయను రైతు మాటల్లోనే చెప్పించావు. మన యాసలో డైలాగ్ రాయడం నీకు చేతనవుతుందని సీవీలో ఒక లైను పెట్టి, దానికి ఈ లింకే ఇవ్వు. మన యాస వచ్చని చెప్పుకోవడానికి వెనకాడకు, నిజంగా రాయగలిగినవాళ్లు తక్కువ.

కానీ ఆ ఫైలు తెరిస్తే నాకు అక్షరాలు కాదు, పిచ్చి గుర్తులు కనబడ్డాయి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైపు చేయించినట్టున్నావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అది తెలుగే కాదు. మొత్తం ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనబడే యూనికోడ్‌లోకి మార్చు, కన్వర్టర్ వాడాక అక్షరం అక్షరం చూసుకో, ఒత్తులూ పొల్లులూ అక్కడే చెడతాయి. గూగుల్ డాక్స్ లింక్ ఇస్తే, లింక్ ఉన్నవాళ్లెవరైనా చూసేలా సెట్టింగ్ మార్చి, బ్రౌజర్‌లో నీ లాగిన్ లేని ఇన్‌కాగ్నిటో విండోలో నువ్వే తెరిచి చూడు. పర్మిషన్ అడిగే లింక్ చూస్తే వాళ్లు పక్కనపెట్టి ఇంకొకరి సీవీ తీస్తారు.

డిజైన్ గురించి ఎక్కువ టెన్షన్ పడకు. రెండు కాలమ్‌ల టెంప్లేట్లు, టేబుళ్లు, ఐదు చుక్కల్లో నాలుగు నింపి చూపే స్కిల్ బొమ్మలు వద్దు. చాలా కంపెనీలు అప్లికేషన్లను సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తాయి, అది కాలమ్‌లను కలిపేసి వాక్యాలు తారుమారు చేసే ప్రమాదం ఉంది. ఒకే కాలమ్, మామూలు హెడింగ్‌లు, పీడీఎఫ్. ఉద్యోగ ప్రకటనలో వాళ్లు వాడిన పదం నీకు నిజంగా వర్తిస్తే ఆ పదమే వాడు.

పని వేళలు తప్పకుండా రాయి. ‘ఐఎస్‌టీ ఉదయం 10 నుంచి సాయంత్రం 6, అవసరమైతే రాత్రి 9 వరకు’ అంటే, మన రాత్రి 9కి న్యూయార్క్‌లో చలికాలమైతే ఉదయం 10:30, వేసవిలో 11:30, అంటే రోజూ కాసేపు ఇద్దరూ ఒకేసారి పనిలో ఉంటారని వాళ్లకు అర్థమవుతుంది. పరకాలలో ఉన్నప్పుడు కరెంటు పోతే ఇన్వర్టర్, బ్రాడ్‌బ్యాండ్ పోతే మొబైల్ డేటా ఉందన్న సంగతి మెయిల్‌లో ఒక్క వాక్యంలో చెప్పు. ఉద్యోగం వచ్చాక బతుకమ్మకో మేడారం జాతరకో సెలవు కావాలంటే చాలా ముందే తేదీలు పంపు, మన పండుగలు వాళ్ల క్యాలెండర్‌లో ఉండవు.

టెస్ట్ ఇస్తామంటారు. మూడు నాలుగు వందల పదాలైతే చేయి. వేల పదాల ఫైలు పంపి అదంతా టెస్ట్ అంటే అది పని, దానికి పైసలు ఎంతని మర్యాదగా అడుగు. ఇంకొకటి, రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్, లాప్‌టాప్ పంపడానికి సెక్యూరిటీ అంటూ ముందే డబ్బు అడిగేవాళ్లకు ఒక్క రూపాయి కట్టకు, ఆధార్, బ్యాంకు వివరాలు ఇవ్వకు. ఎంత మంచి ఇంగ్లిష్‌లో రాసినా సరే. అలాంటి మెయిల్ వస్తే జవాబు రాసే ముందు నాకు ఫార్వర్డ్ చెయ్, అర్ధరాత్రయినా పర్వాలేదు.

మీ అన్న